పేరు కూడా అమానతే

రంజాన్ ఆఖరి రోజుల్లో, రాజమండ్రిలో మా మొహల్లా ఫిత్రా కూపన్ల పని నా మీద పడింది. ఈద్ నమాజ్ లోపు హక్‌దారులకి బియ్యం చేరాలి. పేరు, వీధి, కిలోలు మొదటి స్క్రిప్ట్‌కి ఇస్తే, అది సరిచూసి రెండో స్క్రిప్ట్‌కి అందిస్తుంది; రెండోది కూపన్ అచ్చేస్తుంది. తీరా చూస్తే పేరు దగ్గర 'షేక్', వీధి దగ్గర 'మీరా', కిలోల దగ్గర 'బీ'! మా మొహల్లాలో సగం మంది షేక్‌లే. ఏ కూపన్ ఏ ఖాలాది?

ఈ గలతీకి పాత తారీఖే ఉంది. 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన యూనిక్స్ షెల్ నాటి నుంచీ మాటకీ మాటకీ మధ్య హద్దు ఖాళీ జాగాయే. అయితే కెర్నెల్‌కి ఈ పేచీ లేదు. ఒక ప్రోగ్రామ్ నుంచి మరోదానికి ఒక్కో మాటనూ విడి మూటగా, చివర సున్నా బైట్‌తో అందిస్తుంది. మూటలో ఎన్ని ఖాళీలున్నా ఫికర్ లేదు. మూట విప్పి ముక్కలు చేసేది షెల్.

అసలు ఖాళీని హద్దుగా చూడడం అన్ని చోట్లా లేదు. ఇదే రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు. మన తాళపత్రాల్లో అక్షరాలు ఎడం లేకుండా సాగుతాయి. తొలి కూఫీ ముస్‌హఫ్‌లలో మాటల మధ్య ఎడమూ, మాట లోపల కలవని హర్ఫ్‌ల మధ్య ఎడమూ దాదాపు ఒకటే. ఎక్కడ విడదీయాలో చదివేవాడికి, హాఫిజ్‌కి తెలుసు. షెల్‌కి ఆ ఇల్మ్ లేదు, మనమే చెప్పాలి.

చెప్పే తరీఖా 1979లో, యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో ఉంది. కోట్స్ లేకుండా $* అని రాస్తే అన్నీ ముక్కలవుతాయి. "$*" అంటే అన్నీ కలిసి ఒకే మాట అవుతాయి. "$@" అంటే ఏ మూట ఆ మూటగానే ముందుకి పోతుంది.

నేను మొదటి స్క్రిప్ట్‌కి ఇచ్చేటప్పుడు పేరు చుట్టూ కోట్స్ పెట్టాను. అవే రెండోదాని దాకా వెళ్తాయనుకున్నాను. వెళ్లవు. షెల్ వాటిని చదివి అక్కడే తీసేస్తుంది. మొదటి స్క్రిప్ట్ లోపల నేను రాసింది ఉత్త $*. హదీస్ రివాయత్‌లో సిలసిలా ఎంత గొప్పదైనా, ప్రతి రావీ తన వంతు హిఫాజత్ చేయాల్సిందే కదా! ఇక్కడా అంతే: ప్రతి స్క్రిప్ట్‌లో మళ్లీ "$@".

$* తీసేసి "$@" పెట్టి, తరావీహ్ తర్వాత కూపన్లన్నీ తిరిగి అచ్చేశాను. ఈసారి పేరు దగ్గర 'షేక్ మీరా బీ' అని పూర్తిగా పడింది. స్క్రిప్ట్‌లు రాసే మన పిల్లలు ముందు ఇలాంటి పేరుతోనే పరీక్ష చేసుకోండి.