తంజావూరు వీణ: అతుకులు, బిగింపులు

వీణను గూర్చి మన లక్షణకర్తలు రచించిన గ్రంథములు పెక్కు గలవు. వానిలో స్వరస్థానములు, మేళములు, తంత్రుల శ్రుతులు సవిస్తరముగ చర్చింపబడినవి. కాని చెక్కకు చెక్కను అతికించిన పిదప, జిగురు ఆరువరకు ఆ రెంటిని కదలనీయక పట్టియుంచు సాధనములను గూర్చిన విచారణ అరుదు. వాద్యమునకు ప్రాణము నాదమే యైనను, ఆ నాదమునకు ఆధారము అతుకు. అతుకునకు ఆధారము బిగింపు. ఈ బిగింపు విద్యను కొంత పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

దేవగిరి యాదవప్రభువైన సింహణుని యాశ్రయమున 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున వీణాదండమునకు సొరబుర్రను త్రాటితో బంధించు విధానము చెప్పబడినది. అట్టి వీణలో త్రాడు వాద్యమున కొక యవయవము. వాద్యమున్నంతకాలము అదియు నుండును. అతుకు జిగురుతో నిలుచు వీణలో త్రాటి స్థితి వేఱు. జిగురు ఆరినంతనే దానిని విప్పివేయుదురు. పని ముగిసిన పిదప విప్పివేయబడిన త్రాడు తన జాడను విడువదు. అందుచేతనే కాబోలు, ఈ విద్య చరిత్రకారుల కంటబడలేదు.

1550లో విజయనగరమున రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించి, వీణపై మెట్ల స్థానములను శాస్త్రీయముగ నిరూపించెను. 1532 మొదలు 1673 వరకు తంజావూరు నేలిన నాయకరాజుల కొలువున తెలుగుభాషయు, సంగీతమును చెట్టాపట్టాలు వేసికొని పెరిగినవి. రఘునాథనాయకుని పేరిట వెలసిన రఘునాథేంద్రమేళవీణను వేంకటమఖి తన చతుర్దండిప్రకాశికలో వర్ణించెను. ఇరువదినాలుగు స్థిరమైన మెట్లుగల నేటి వీణ ఈ రఘునాథుని కాలముననే రూపొందినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు.

మెట్లు స్థిరపడుటతో వడ్రంగిపై క్రొత్త బాధ్యత పడినది. మెట్లను మైనములో గ్రుచ్చి, చెవితో శ్రుతి చూచి నిలిపిన తరువాత, వాని క్రింది దండి నూలుపోగంతయైనను వంగరాదు. వంగినచో తంత్రికిని మెట్టునకును గల యెడము మాఱును, స్వరము తప్పును. నాలుగు వాయింపుతంత్రులు, మూడు తాళపుతంత్రులు, మొత్తము ఏడు తంత్రుల లాగుడు రేయింబవళ్లు దండిపై పనిచేయుచునే యుండును. బుఱ్ఱకును దండికిని నడుమ అతుకున్నచో, ఆ లాగుడు నంతటిని భరింపవలసినది ఆ అతుకే.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు మనవారు కనుగొన్న మొదటి మార్గము అతుకులను తగ్గించుట. బుఱ్ఱయు దండియు ఒకే పనసమ్రానునుండి తొలిచిన వీణకు మన ప్రాంతమున ఏకాండివీణ యని పేరు. తంజావూరివారు దీనినే ఏకాంతవీణ యందురు. బొబ్బిలికి సమీపమున గొల్లపల్లిలో చేయబడు ప్రసిద్ధమైన వీణలు ఈ జాతివే. వేర్వేఱు ముక్కలను కూర్చి చేసినది ఒట్టువీణ. తమిళమున ఒట్టు అనగా మన అతుకే. పెద్ద మ్రాను దొరకని చోట చిన్న చెక్కలతోనే వీణను సాధించుట యీ రెండవ విధానమువలన కలిగిన మేలు. అయినను ఏకాండివీణకు సయితము అతుకు పూర్తిగ తప్పలేదు. తొలిచిన బుఱ్ఱపై మూతగ పలకను అతుకక తీరదు. కావున బిగింపు తెలియనివాడు ఏ వీణనైనను ముగింపజాలడు.

ఇక జిగురును గూర్చి. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపములను వర్ణించుచు, పశువుల కొమ్ములు, తోళ్లు ఉడికించి చేయు లేపమును గూడ పేర్కొనెను. వడ్రంగులు సరేసు అని వ్యవహరించు తోలుజిగురు ఈ కోవకు చెందినదే. వేడిగనున్నంతసేపు అది జాలువారును, చల్లబడినంతనే గడ్డకట్టును. అందుచేత పనివానికి తడవుకొను తీరిక లేదు. త్రాళ్లు, చెక్కముక్కలు, సుత్తి చేతికందునట్లు ముందే అమర్చుకొని, జిగురు పూయకమునుపే ఒకసారి ఒట్టిగ బిగించి చూచుకొనవలెను.

బిగింపునకు ఇనుపమరల పట్టు చాలదా యని ప్రశ్నింపవచ్చును. ఆ పట్టునకు ఎదురెదురుగ రెండు చదునైన తలములు కావలెను. వీణబుఱ్ఱ గుండ్రనిది, ఇనుము దానిపై జారును, లేదా ఒక్కచోటనే నొక్కి చెక్కను నలుపును. త్రాడు అట్లుగాదు. ఎచ్చట వంపు గలదో అచ్చటనెల్ల నొక్కును. వంపు ఎంత బిగువుగనున్న ఒత్తిడి అంత అధికము. చదునైన పలక నడుమ త్రాడు తిన్నగ పోవును గనుక అచ్చట ఒత్తిడి యుండదు. పలక అంచు దాటి బుఱ్ఱవైపునకు మఱలునపుడు త్రాడు చటుక్కున వంగును. ఒత్తిడి యంతయు అచ్చటనే పడును. జిగురు పూసినదియు ఆ అంచుననే గదా! అవసరమైన చోటనే ఒత్తిడి పడునట్లు వాద్యపు ఆకారమే తోడ్పడుచున్నది.

చేతితో ఎంత లాగి కట్టినను త్రాడు కొంత సడలును. దానిని తీర్చునది చీల, అనగా ఒక కొన పలుచగను మఱియొక కొన మందముగను చెక్కిన కొయ్యముక్క. 6 అంగుళముల పొడవున 1 అంగుళము ఎత్తు పెరుగు చీలను త్రాటి క్రిందికి కొట్టినచో, రాపిడిని లెక్కింపనియెడల, కొట్టిన బలమునకు సుమారు ఆఱురెట్లు త్రాటిని పైకెత్తును. ఆ రాపిడియే చీలను వెనుకకు జారకుండ నిలుపును. త్రాటినడుమ పుల్లను దూర్చి మెలిపెట్టుట మఱియొక ఉపాయము; గడ్డిబండికి మోకు బిగించు రైతు చేయునది ఇదియే. ఒత్తిడి మితిమీఱినను కీడే: జిగురంతయు వెలికి చిమ్మి, అతుకు నడుమ ఎండిన చెక్కలే మిగులును. అంచుచుట్టును సన్నని జిగురుపూసలు సమముగ పొడసూపినచో బిగింపు కుదిరినట్లు.

ఈ యుక్తి మన దేశమునకే పరిమితము కాదు. ఇటలీలోని క్రెమోనా నగరమున 1737లో మరణించిన స్ట్రాడివేరి వాడిన కొయ్య అచ్చులు నేటికిని అచ్చటి ప్రదర్శనశాలలో గలవు. వానికి తొలిచిన రంధ్రములు, వయొలిన్ ప్రక్కచెక్కలను త్రాటితోను పుల్లలతోను అదిమిపట్టుట కేర్పడినవే. అచ్చట అచ్చులు మిగిలినవి గనుక ఆ పనివాని పద్ధతి లోకమునకు తెలిసినది. మనకట్టి అచ్చులు లేవు. మన సాధనములు త్రాడు, చీల. పని తీరిన పిదప ఆ త్రాడు మఱియొక పనికి పోవును, చీల పొయ్యిలోనికి పోవును.

నేడు సరేసుకు మాఱుగ తెల్లని కృత్రిమపు జిగురును, త్రాటికి మాఱుగ సైకిలు ట్యూబు ముక్కలను వాడుట కలదు. సాగు గుణముగల రబ్బరు, చెక్క కొంత కుంచించుకొనినను పట్టు సడలనీయదు. ఇది మెచ్చదగిన మార్పే. జిగురు విషయము వేఱు. తోలుజిగురు అతుకును వేడితోను తేమతోను మెల్లగ విప్పి, వీణను బాగుచేసి, తిరిగి మూయవచ్చును. కృత్రిమపు జిగురు అతుకు అంత సులభముగ విడదు. బలవంతము చేసిన పలక పగులును. కావున తాతల నాటి వీణను మరమ్మతునకిచ్చువారు ఏ జిగురు వాడుదురో ముందుగ అడిగి తెలిసికొనుట మంచిది.

2013లో తంజావూరు వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది పేరును కాపాడును. చేతిపనిని కాపాడవలసినది మనమే. తమిళనాట తరతరములుగ నివసించుచున్న మనకు ఈ వీణ ఉభయభాషల ఉమ్మడి సొత్తు. ఒట్టు, అతుకు అను రెండు మాటలును ఒకే పనికి పేర్లు. మన సంఘములవారు వృద్ధులైన పనివారి చెంతకు పోయి, వారు త్రాటిని ఎన్ని చుట్లు చుట్టుదురో, చీలను ఎచ్చట కొట్టుదురో, ఏ పనిని ఏ మాటతో పిలుతురో వ్రాసికొని, బొమ్మలు గీయించి భద్రపఱచుట తక్షణకర్తవ్యము. రాజుల పేర్లను శాసనములు నిలిపినవి. విప్పివేసిన త్రాటి కథను నిలుపుటకు మన వ్రాతయే గతి.