పాఠానికి కొలబద్ద

బద్వేలు నుంచి పోరుమామిళ్ల చెరువుకు మనలో చాలామంది చిన్నప్పుడు పిక్నిక్‌కు వెళ్లే ఉంటాం. ఆ చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం ఒక దోషం. కొద్ది నీటికి పెద్ద విస్తీర్ణం ఒక దోషం, ఎక్కువ నీటికి చిన్న విస్తీర్ణం ఇంకొకటి.

చెరువుకు ఆరున్నర శతాబ్దాల క్రితమే ఇంత కొలత ఉన్న సీమ మనది. మరి బడిలో చెప్పే పాఠానికి కొలత ఎప్పుడు వచ్చింది? మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే, ముప్పై ఏళ్లకు పైగా నేను రాసిన లెసన్ ప్లాన్ నోటు పుస్తకాలు గుర్తొచ్చాయి. వాటి వెనుక రెండు వందల ఏళ్ల కథ ఉంది.

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి దత్తం చేశాక దత్త మండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరు అయ్యాడు. తర్వాత మద్రాసు గవర్నరుగా 1822లో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఏం చెబుతున్నారు అని కలెక్టర్లను అడిగాడు. వచ్చిన జవాబుల్లో 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపినది బాగా పేరు పొందింది. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం సీమ కూడా కలిసి ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పేవారు. ఏ పిల్లవాడైనా తన శక్తి, తాను నేర్చినదాన్ని బట్టి ఒక తరగతి నుంచి పై తరగతికి వెళ్లేవాడు.

అంటే ఆ వీధి బడిలో కొలత ఉంది, కాగితం మాత్రం లేదు. ‘అ’ దిద్దడం వస్తేనే ‘ఆ’. లోపం కూడా కాంప్‌బెల్ దాచలేదు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెప్పేవారు గాని వాటి అర్థం తెలిసేది కాదని రాశాడు. నోటికి రావడం వేరు, అర్థం కావడం వేరు. మన కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

1862లో ఇంగ్లండులో ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కల్లో ఒక్కొక్క పిల్లవాణ్ణి పరీక్షిస్తాడు. ప్యాసైనవాళ్లను బట్టి బడికి డబ్బు వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ప్రాథమిక పాఠశాలలకు ఈ ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ నడిచింది. లక్ష్యం స్పష్టం, కొలత కచ్చితం. అయినా జరిగిందేమిటంటే, ఇన్‌స్పెక్టరు అడిగేదే పాఠమైంది, మిగతాది పక్కకు పోయింది. బట్టీ పెరిగింది. స్వయంగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డే దీన్ని గట్టిగా విమర్శించాడు.

ఆ తర్వాత ట్రైనింగ్ స్కూళ్లలోకి జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ పేరుతో పాఠ సోపానాలు వచ్చాయి. సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం, సాధారణీకరణం, వినియోగం. పాఠానికి ఒక వరుస వచ్చింది. కానీ ఆ ఐదింటిలోనూ చేసేదంతా ఉపాధ్యాయుడే. పీరియడ్ అయ్యాక పిల్లవాడికి ఏం వచ్చిందో చెప్పాల్సిన గడి ఆ పట్టికలో లేదు.

ఆ గడి అమెరికా నుంచి వచ్చింది. 1949లో రాల్ఫ్ టైలర్, లక్ష్యం అంటే పిల్లవాడిలో రావాల్సిన మార్పు అన్నాడు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ఆ లక్ష్యాలను మెట్లుగా పేర్చింది. అదే ఏడాది మన దేశంలో పరీక్షల సంస్కరణపై భోపాల్‌లో సెమినార్ జరిగింది. తర్వాత బ్లూమ్ స్వయంగా వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులతో వర్క్‌షాపులు నడిపాడు. 1958లో కేంద్ర పరీక్షా విభాగం, 1961లో ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడ్డాయి.

బీఎడ్ చదివిన మన మిత్రులందరికీ ఆ తర్వాతి సంగతి కంఠతా వచ్చు. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం. ఒక్కొక్కదాని కింద స్పష్టీకరణలు: విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, భేదాలు చెబుతాడు. ఎర్ర సిరాతో గీతలు, చివర సూపర్‌వైజర్ సంతకం.

నా మొదటి ఏడాది ముచ్చట ఒకటి చెప్పాలి. ఐదో తరగతికి భాగహారం. ‘విద్యార్థి భాగహార భావనను అవగాహన చేసుకుంటాడు’ అని రాశాను, సంతకమూ పడింది. వెనక వరసలో ఒక పిల్లవాడు పలక మీద 240ని 40తో భాగించి 60 వేశాడు. “240 కిలోల శెనక్కాయలు, మూటకు 40 కిలోలైతే ఎన్ని మూటల్రా?” అంటే, “ఆరు సార్!” అన్నాడు తడుముకోకుండా. అవగాహన వాడికుంది, పలక మీదికే రాలేదు. నా ప్లాన్‌లోని వాక్యం ఈ రెంటికీ తేడా పట్టలేకపోయింది.

ఆ రాత్రి వాక్యం మార్చాను. ‘మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగించే ఐదు లెక్కల్లో నాలుగు సరిగ్గా చేస్తాడు, తన ఇంటి లెక్క ఒకటి సొంతంగా రాసి చేస్తాడు.’ మర్నాడు 34 మందిలో 11 మందే చేయగలిగారు. సిగ్గనిపించింది గాని, రేపు ఎవరి పక్కన కూర్చోవాలో మొదటిసారి తెలిసింది.

మా తరం ఉపాధ్యాయులకు రెండు పెద్ద మార్పులు వరుసగా ఎదురయ్యాయి. ఒకటి బ్రిటన్ సహాయంతో 1984లో కొన్ని బడుల్లో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఏపీపెప్. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, పరిసరాలను వాడుకోవడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం దాని సూత్రాలు. ఉపాధ్యాయ కేంద్రాల్లో కూర్చొని కృత్యాలు తయారుచేసిన రోజులు మరువలేను. రెండోది 1990లో ఆర్.హెచ్. దవే అధ్యక్షతన వేసిన కమిటీ చెప్పిన కనీస అభ్యసన స్థాయిలు. 80 శాతం పిల్లలకు 80 శాతం సామర్థ్యాలు రావాలన్నది గురి. ఏపీపెప్ ఎలా చెప్పాలో నేర్పింది, ఎంత వచ్చిందో చూడడం దవే కమిటీ నేర్పింది. రెండూ కలిసిన తరగతి గది బాగుండేది. కృత్యం ఒక్కటే ఉంటే సందడి మిగిలేది, పట్టిక ఒక్కటే ఉంటే టిక్కులు మిగిలేవి.

ఆ తర్వాత 2012 నుంచి వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాల్లో విద్యా ప్రమాణాలు, 2017లో ఎన్‌సీఈఆర్‌టీ అభ్యసన ఫలితాలు, 2021 జులైలో నిపుణ్ భారత్. పేర్లు మారుతూ వచ్చాయి. మూడో తరగతికల్లా పిల్లవాడు అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి అని నిపుణ్ భారత్ అంటోంది. రెండు వందల ఏళ్ల క్రితం కాంప్‌బెల్ ఎత్తిచూపిన లోపం అదే కదా!

ఈ చరిత్ర నుంచి నాకు తెలిసింది ఒక్కటే. పిల్లవాడికి రేపు ఏం చెప్పాలో తెలుసుకోవడానికి వాడినంతకాలం కొలత మేలు చేసింది. బడికి డబ్బో, ఉపాధ్యాయుడికి మెమోనో దాని మీద ఆధారపడిన రోజున అంకెలు పెరిగాయి, చదువు పెరగలేదు. ఇప్పుడు యాప్‌లలో మార్కులు ఎక్కిస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 34 మందిలో 11 అని నిజం రాసే ధైర్యం ఉపాధ్యాయుడికి మిగలాలి. ఆ నిజం రాసినందుకు శిక్ష పడితే మర్నాటి నుంచి అందరూ 34 అనే రాస్తారు.

మిత్రులకు ఒక మనవి. స్వర్ణోత్సవానికి వచ్చినప్పుడు ఈ ఏడు పదో తరగతి ఎంత శాతం అని హెడ్‌మాస్టరు గారిని తప్పక అడుగుతాం. అడుగుదాం. ఆ తర్వాత ఒక పావుగంట ఆరో తరగతిలో వెనక వరసలో కూర్చొని, పక్కనున్న పిల్లతోనో పిల్లవాడితోనో ఒక పేజీ చదివించుకుందాం, అందులో ఏముందో వాళ్ల మాటల్లో చెప్పించుకుందాం. ఎక్కడైనా తడబడితే విసుక్కోవద్దు. కట్ట ఎక్కడ కారుతోందో తెలిస్తేనే కదా మన్ను వేసేది!