సువర్ణద్వీపపు నదీలోయలు: సుమత్రా బౌద్ధ వారసత్వం

సువర్ణద్వీపమనే పేరు సుమత్రాకు వర్తిస్తుందని పండితులలో అధికులు అంగీకరిస్తారు. ఈ ద్వీపపు బౌద్ధచరిత్రను చాలాకాలంగా శ్రీవిజయమనే ఒక రాజ్యానికి, పాలెంబాంగ్ అనే ఒక నగరానికి పరిమితం చేసి చదువుతున్నాం. ద్వీపపు భౌగోళిక స్వరూపాన్ని గమనిస్తే ఈ దృష్టి చాలదని తెలుస్తుంది.

సుమత్రా వాయవ్యం నుండి ఆగ్నేయానికి సుమారు 1,700 కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉంది. పశ్చిమ తీరం వెంబడి బారిసాన్ పర్వతశ్రేణి నిలిచి ఉంది. అందులోని కెరించి శిఖరం ఎత్తు 3,805 మీటర్లు. అక్కడ పుట్టిన కంపార్, బతాంగ్‌హారి, మూసి నదులు చిత్తడి మైదానాల గుండా తూర్పు సముద్రాన్ని చేరుతాయి. ఈ మూసికి మన మూసీతో పేరులో తప్ప సంబంధం లేదు. ఎగువనున్న బంగారం, అటవీ ద్రవ్యాలు ఈ నదుల మీదుగా రేవులకు దిగాయి. ధర్మం అదే దారిన ఎగువకు ప్రయాణించింది.

దక్షిణ సుమత్రా ప్రావిన్సులోని మూసి తీరాన క్రీ.శ. 682 నాటి కెదుకన్ బుకిత్ శాసనం లభించింది. 684 నాటి తలాంగ్ తువో శాసనం జయనాశుడనే రాజు నాటించిన ఉద్యానవనాన్ని పేర్కొని, దాని పుణ్యఫలం సకల జీవులకు చెందాలన్న ప్రణిధానాన్ని నమోదు చేసింది. 671లో ఇక్కడికి వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్, భారతదేశానికి వెళ్లే భిక్షువులు ముందుగా ఇక్కడ అధ్యయనం చేయడం మేలని సూచించాడు. బుకిత్ సిగుంతాంగ్ బుద్ధవిగ్రహంలో కొందరు చరిత్రకారులు అమరావతి శిల్ప సంప్రదాయపు ఛాయలను గుర్తించారు.

జంబి ప్రావిన్సులో బతాంగ్‌హారి దిగువన ముఆరా జంబి ఇటుక ఆలయాలు ఉన్నాయి. ఆచార్య అతీశుడు సువర్ణద్వీపంలో ధర్మకీర్తి వద్ద పన్నెండేళ్లు చదివిన చోటు ఇదేనని కొందరి అభిప్రాయం. అది ఇంకా నిరూపితం కాలేదు. ఇదే నదికి ఎగువన, పశ్చిమ సుమత్రాలోని పదాంగ్ రోచో వద్ద 1286 నాటి శాసనంతో కూడిన పీఠం దొరికింది. జావా రాజు కృతనగరుడు పంపిన అమోఘపాశ విగ్రహానికి చెందిన పీఠమది. విగ్రహం మాత్రం మరికొంత ఎగువన రంబాహన్‌లో లభించింది. 1347లో ఆదిత్యవర్మ దాని వీపున తన శాసనం చెక్కించాడు.

ఉత్తర సుమత్రాలోని పదాంగ్ లావాస్ సంప్రదాయం వేరు. అక్కడి బాహల్ ఆలయాల పరిసరాలలో హేరుకుని వంటి ఉగ్రమూర్తులను ఆరాధించిన వజ్రయానం వర్ధిల్లింది. రాజేంద్రచోళుని తంజావూరు శాసనం పేర్కొన్న పణ్ణై ఈ ప్రాంతమేనని భావిస్తారు. రియావు ప్రావిన్సులో కంపార్ సమీపాన ముఆరా తకుస్ స్తూపం మరో రూపంలో నిలిచింది. ఒక్కొక్క లోయ తన రేవునకు, తన ఎగువ సమాజానికి తగినట్లు ధర్మాన్ని స్వీకరించిందని ఈ అవశేషాలు తెలుపుతున్నాయి.

ఆ వైవిధ్యం నేటికీ చెరగలేదు. పశ్చిమ సుమత్రాలోని మినంగ్‌కబావులు ఇస్లాంను అనుసరిస్తూనే ఆస్తిని తల్లి వంశం ద్వారా పొందుతారు. తోబా బతాక్‌లలో క్రైస్తవులు అధికులు. పదాంగ్ లావాస్ పరిసరాల మందైలింగులు ముస్లిములు. ముఆరా జంబి ఆలయాల నడుమ నివసించేది మలయ ముస్లిం గ్రామస్థులే. వైశాఖ పూర్ణిమకు బౌద్ధులు వచ్చే ఆ క్షేత్రం దైనందిన రక్షణ వారి సహకారం లేనిదే సాధ్యం కాదు.

దాదాపు 3,981 హెక్టార్ల ఆ రక్షిత పరిధిలో బొగ్గు నిల్వలు, పామాయిల్ కర్మాగారాలు చొరబడ్డాయి. తవ్వని ఇటుక దిబ్బలు వాటి కింద అణగితే చరిత్రకు ఆధారమే మిగలదు. మరోవైపు ఒకే బతాంగ్‌హారి నాగరికత రెండు ప్రావిన్సుల పాలనలో, జకార్తాలోని జాతీయ మ్యూజియంలో విడివడి ఉంది. దిగువ ఆలయాలను ఒక నివేదికలో, ఎగువ శాసనాలను మరొక నివేదికలో చదివితే ఆ నది చరిత్ర తెగిపోతుంది. సుమత్రా బౌద్ధానికి నదీలోయను అధ్యయన ప్రమాణంగా గ్రహించడం, పరిరక్షణ ప్రణాళికలలో అక్కడి గ్రామస్థులను తొలి భాగస్వాములుగా గుర్తించడం తక్షణ కర్తవ్యాలు.