సిటీ కాలేజీ ఉర్దూ పంతులు

నేను చదివింది మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీలో. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠం చెప్పిన కాలేజీ అదేనని నాకు ఇప్పటికీ గర్వం. మెదక్ జిల్లా అందోల్‌లో 1908లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే బాబాయి దగ్గర పెరిగాడు. రష్యా విప్లవం కబుర్లు మఖ్దూం మొదట విన్నది ఆ బాబాయి నోటనే.

1944లో వచ్చిన తొలి సంపుటి 'సుర్ఖ్ సవేరా'లో కాలం చెల్లిన సమాజాన్ని శిథిల భవనంగా చూపే 'హవేలీ' అనే కవిత ఉంది. దాని బలం తెలియాలంటే పాతబస్తీలో పాత దేవిడీ ఒక్కటి చూడాలి: పెచ్చులూడిన డంగుసున్నం గోడలు, చెదపట్టిన టేకు తలుపులు, లోపల ఇంకా పోని దర్పం. నిజాం రాజ్యం నడుస్తుండగానే ఆ కూలే కప్పును వేలెత్తి చూపడం మామూలు ధైర్యం కాదు.

అప్పటికే ఉద్యోగం వదిలేశాడు. కమ్యూనిస్టు నాయకుడు రాజ్ బహదూర్ గౌర్‌తో కలిసి కార్మిక సంఘాలు కట్టాడు, అజ్ఞాతంలోకి వెళ్లాడు, జైలు చూశాడు. 1952 అసెంబ్లీ ఎన్నికల్లో పాతబస్తీలోని శాలిబండలో ఓడిపోయాడు. అదే ఏడాది ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ గెలిపించింది. సొంత గల్లీలు కాదన్న ఉర్దూ కవిని తెలుగు రైతులు అసెంబ్లీకి పంపారంటే, తెలంగాణ సాయుధ పోరాటం వాళ్లను ఎంత దగ్గర చేసిందో చూడండి.

సోషలిస్టు రచయిత అనగానే నినాదాలే రాస్తాడనుకునేవాళ్లకు ఆయన ప్రేమ గీతాలు వినిపిస్తాను. వాటిలో ఒకటైన మల్లెపందిరి పాట 1964లో 'చా చా చా' సినిమాకెక్కింది. 1969 ఆగస్టులో ఢిల్లీలో కన్నుమూశాడు. ఆయన కవితా సంపుటి 'బిసాతే రఖ్స్'కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందీ ఆ ఏడాదే.