ఠాణా చిట్టాలో చేరిన జాతులు

పోలీసును జూచి ధైర్యము తెచ్చుకొనువారు కొందఱు, గడగడ వడకువారు కొందఱు. దేశనాయకుల మాట యీ భయమును పోగొట్టగలదా? ఎఱుకల, యానాదుల చరిత్రమునుండి కొంత విన్నవించుచున్నాము.

1871 సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వమువారు నేరస్థజాతుల చట్టమును గావించిరి. 1911లో నది చెన్నరాజధానికిని వ్యాపించెను. అంతటితో నేరము చేసినవానిది గాక పుట్టినవాని దయ్యెను. చిట్టాకెక్కినవారు వ్రేలిముద్రలు వేయవలెను, హాజరు చెప్పవలెను. కావలి, స్టూవర్టుపురము మున్నగు చోట్ల సెటిల్‌మెంట్లు వెలసెను. ఇందు పోలీసువారినే దూఱుట న్యాయము గాదు. ఈ జనుల జాడ తెలుపు బాధ్యతను చట్టము గ్రామాధికారులపైనను, భూస్వాములపైనను గూడ మోపెను. మనబోటి గృహస్థుల పెద్దలును ఆ చిట్టాలో పాలివారే.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నాల్గవ యధికరణమునకు కంటకశోధనమని పేరు. అందు దొంగలతోపాటు రాజోద్యోగుల యక్రమములును శిక్షార్హములుగనే చెప్పబడినవి. ఈ చట్టము క్రింద నుద్యోగులను శోధించువారెవరు?

1936లో నెల్లూరునకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూగారు ఈ చట్టము పౌరస్వాతంత్ర్యమునకు విరుద్ధమని బహిరంగముగ ఖండించిరి. ఆ నెల్లూరుననే వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులకై పాటుపడిరి. 1947లో చెన్నరాజధానియందు చట్టము రద్దయ్యెను. 1949లో కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణసంఘమునకు అధ్యక్షుడు మన తిరుచానూరున బుట్టిన అనంతశయనం అయ్యంగారుగారే. 1952 ఆగస్టు 31న దేశమంతట నా చట్టము తొలగెను.

పైవారి మాట నెగ్గినది. క్రింది చిట్టా మాత్రము చెరగలేదు. 1948లో చెన్నరాజధానియందు, 1962లో ఆంధ్రప్రదేశమునందు అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి. వీనియందు కులము పేరు లేదు. అయినను మేము బడిపంతులుగ నున్న దినములలో, ఊర దొంగతనము జరిగిన మఱునాడు ఎఱుకల పిల్లలు బడికి రాకుండెడివారు. తండ్రులు రాత్రికి రాత్రే పొలిమేర దాటిరని తక్కిన పిల్లలు చెప్పెడివారు. ఆ తండ్రులకు నెహ్రూగారి మాట తెలియదు, ఠాణా తెలియును.

2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టువారు, విముక్తజాతులవారిని ఇష్టానుసారముగ నిర్బంధింపరాదని తీర్పునందు ప్రత్యేకించి చెప్పవలసివచ్చెను. రద్దయిన డెబ్బదిరెండేండ్లకు! మన సంఘమునందు న్యాయవాదులును, పోలీసు ఉద్యోగులును పలువురు గలరు. వారు ఆ తీర్పును తెప్పించుకొని, తమ యూరి ఎఱుకలవాడలో తెలుగున చదివి వినిపింప గోరుచున్నాము.