పూరీ దారిలో మజిలీలు

బాటసారికి దారి చెప్పడం, బస చూపడం, ముందున్న ఏరు దాటవచ్చునో లేదో తెలపడం నేడు వేర్వేరు కార్యాలయాల పనులు కాగా, రైలు రాకముందు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇవి చాలావరకు సత్రం అరుగు మీదనే జరిగిపోయేవి. దక్షిణాది నుంచి పూరీ జగన్నాథానికి పోయే కాలిబాట ఈ సీమ మీదుగా సాగినందున, పగటి నడక ముగిసేచోట రాత్రి ఆగే తావు, అనగా మజిలీ, ఇక్కడ పుణ్యకార్యమే కాక నిత్యావసరం కూడా అయింది. రథయాత్ర ఆషాఢంలో వస్తుంది కనుక పోయేటప్పుడు ఎండలు, వచ్చేటప్పుడు వానలు యాత్రికునికి తప్పేవి కావు. ఎండవేళ నీళ్లు, మజ్జిగ పోసే చలివేంద్రం ఎంత అవసరమో, నాగావళి, వంశధారల్లో వరద తీసేదాకా తలదాచుకునే పంచ కూడా అంతే అవసరం. లాంగుల్య అనే పాతపేరు గల నాగావళి, శ్రీకాకుళం వద్ద వంతెన కట్టిన తరువాత కూడా లొంగలేదు. 1876 వరదకు ఆ వంతెన కమానులు ఆరు కొట్టుకుపోయాయి.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మేలో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు పూరీ చూసుకొని ఈ తీరం వెంటే దిగివచ్చాడు. మజిలీకి మజిలీకి మధ్య దూరం, బాట తీరు, బస, దొరికే సరుకులు పూసగుచ్చినట్లు రాసిన అతని ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. యాత్రికునికి అక్కరకొచ్చే సమాచారం తెలుగులో పుస్తకమైంది దీనితోనే అనవచ్చు. అయితే అతడు పెద్ద పరివారంతో పల్లకీలో సాగినవాడు. మూట నెత్తిన పెట్టుకొని నడిచినవారి మాట అందులో తక్కువే.

సత్రం ఖర్చు సాధారణంగా మాన్యం మీద, అంటే ధర్మానికి రాసిచ్చిన భూమి రాబడి మీద నడిచేది. ఆ రాబడి దారి తప్పకుండా 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్ సత్రాలను, వంతెనలను రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ కిందికి తెచ్చింది. దొరలకు, అధికారులకు ముసాఫరు బంగళాలు వేరుగా లేచాయి. సత్రాల్లోనూ సమానత లేదు: వండిన భోజనం చాలాచోట్ల బ్రాహ్మణులకే, తక్కినవారికి నీడ, నీళ్లు, పొయ్యి రాళ్లు.

1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం తెరుచుకోవడంతో వారాల నడక గంటల ప్రయాణమై, మజిలీ అన్న మాటకే పని తగ్గింది. ఆ రైలు శ్రీకాకుళం పట్టణాన్ని తాకలేదు. ‘శ్రీకాకుళం రోడ్డు’ అనే స్టేషన్ నేటికీ పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరాన, ఆమదాలవలసలోనే ఉంది.