సెద, గోడ, మందు: ఒక వాక్యానికి ప్రతిపదార్థం

"సెద పట్టీసింది. మందోలు వచ్చీలోగా గోడ అలికీయాల."

అరకు మండలంలో గెడ్డ (కొండవాగు) పక్కన ఉన్న ఒక ఊళ్ళో, పంచలో కూర్చుని చోళ్ళు చెరుగుతున్న పెద్దావిడ తన కోడలితో అన్న మాట ఇది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. నేనున్నానని తెలుగులో అంది. ఆరు మాటలు. వీటిలో ఏ ఒక్కదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా ఇంటికి గానీ ఒంటికి గానీ దెబ్బే. అందుకని ఒక్కొక్కటే విప్పుతాను. 'లోగా' అన్నదాన్ని మాత్రం చివరికి ఉంచుతాను. అన్వయమంతా దాని మీదే నిలబడి ఉంది.

సెద. అంటే చెద, చెదలు, చెదపురుగు. తెల్లచీమ అనే పేరు కూడా ఉంది గానీ అది తప్పుదారి పట్టించే పేరు. చెద చీమ కాదు. చీమకు చుట్టాలు కందిరీగ, తేనెటీగ. చెదకు దగ్గరి చుట్టం బొద్దింక. చీమకు నడుము సన్నగా ఉంటుంది, చెదకు నడుమే కనిపించదు. ఈ తేడా పుస్తకాల వాళ్ళకి మాత్రమే పనికొచ్చేది కాదు. చీమ ఎండలో తిరుగుతుంది, చెద తిరగలేదు. దాని ఒళ్ళు మెత్తన, చర్మం పలచన. పొడిగాలి తగిలితే ఒంట్లో తడి ఆరి చస్తుంది. అందుకే ఎక్కడికి వెళ్ళాలన్నా మట్టితో గొట్టం కట్టుకుని, ఆ గొట్టం లోపలే నడుస్తుంది. గోడ మీద వేలి మందాన పైకి పాకిన మట్టి చార అదే. అంటే మనకు కనిపించేది పురుగు కాదు, పురుగు వేసుకున్న దారి.

పుట్ట అనగానే పాము గుర్తొస్తుంది. పాము అందులో అద్దెకు దిగినది, కట్టినవి చెదలు. తొలకరి వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసుళ్ళు వేరే పురుగు అనుకునేవాళ్ళున్నారు. కాదు. అవి రెక్కలొచ్చిన చెదలే, ఆడా మగా రెండూను. రెక్కలు రాల్చుకుని జంటగా మట్టిలో దూరి కొత్త కాపురం పెడతాయి. ఇక పుట్టగొడుగు. పుట్ట మీద గొడుగులా లేచేది కాబట్టి ఆ పేరు. పుట్టలో కొన్ని జాతుల చెదలు తెచ్చుకున్న గడ్డీ గాదమూ నమిలి, దాని మీద బూజును పెంచుకుని తింటాయి. ఆ బూజు వానాకాలంలో పైకి పూస్తే పుట్టగొడుగు. కొండల్లో ఇష్టంగా వండుకునే ఆ కూరా, దూలాన్ని తినే ఆ పురుగూ ఒకే ఇంటివి.

ఇంకొక పొరపాటు తీర్చాలి. చెద మట్టిని తినదు. మట్టిగోడలో అది వెతికేది తడిక వెదురు, మట్టిలో కలిపిన గడ్డి, పైనున్న వాసాలు, దూలాలు. గోడ దానికి మెట్లదారి మాత్రమే.

పట్టీసింది. అంటే పట్టింది. తెలుగులో ఈ క్రియ ఇంటిని బాధించే చాలా వాటికి సరిపోతుంది: తుప్పు పట్టింది, బూజు పట్టింది, చెద పట్టింది. అన్నీ పట్టేవే గానీ పట్టే తీరు ఒకటి కాదు. కర్ర పాడైతే మూడు మాటలున్నాయి. వాటిని కలిపేయకూడదు. చెద పట్టిన కర్ర పైకి బాగానే ఉంటుంది. గోరుతో గీరితే పొర ఊడి, లోపల మట్టి కనిపిస్తుంది. పుచ్చిన కర్రకు సూది బెజ్జాల్లాంటి చిల్లులుంటాయి. దాని కింద నేల మీద మెత్తని పిండి రాలి ఉంటుంది. చివికిన కర్రలో మట్టీ ఉండదు, పిండీ ఉండదు. తడికి నాని, నల్లబడి, నొక్కితే పీచుపీచుగా విడిపోతుంది. మొదటిదానికి దారి మూయాలి. రెండోదానికి కర్ర మార్చాలి. మూడోదానికి కప్పు కారడం ఆపాలి. చివికిన వాసానికి చెదమందు పోస్తే డబ్బూ పోతుంది, వాసమూ పోతుంది.

వెదురు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. కొండ ఇళ్ళలో తడికా, వాసమూ, బుట్టా, గాదె అన్నీ అదే. వెదురును పుచ్చేలా చేసే చిన్న గోధుమరంగు పెంకుపురుగు నిజానికి వెదురులోని పిండిపదార్థం కోసం వస్తుంది. అందుకే ముదురు బొంగును ఎంచడం, చిగుళ్ళు వేసే వానాకాలం దాటాక నరకడం, నరికిన బొంగుల్ని కొన్ని వారాలు గెడ్డలో నానేయడం. నానితే పిండి చాలావరకు పోతుంది, పురుగుకు తిండి తగ్గుతుంది. పొయ్యి మీది అటకలో పొగచూరి నల్లబడ్డ వెదురు ఎక్కువ కాలం నిలుస్తుందన్నదీ నిజమే. ఆ పొగే కళ్ళకూ ఊపిరితిత్తులకూ చేటు అన్నదీ అంతే నిజం. వెదురు కోసం పొగ పెంచమని నేను చెప్పను. గెడ్డ నీళ్ళు ఆ పని చేస్తాయి.

చెద పట్టిందా, పట్టి వదిలేసిందా అన్నది తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. గొట్టాన్ని జానెడు మేర చెరిపేసి, రెండు మూడు రోజులు ఆగి చూడండి. చెరిపిన చోట తడిమట్టితో మళ్ళీ కట్టి ఉంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. కట్టకపోతే ఆ దారి వరకు పాతబడినట్టు, ఇంకో దారి లేదని కాదు. చెరపడం వల్ల చెద చావదు. అది పరీక్షే గానీ వైద్యం కాదు.

గోడ. ఇక్కడి పాత ఇళ్ళలో గోడ రెండు రకాలు. తడిక కట్టి రెండు పక్కలా మట్టి మెత్తినది ఒకటి, మట్టి ముద్దలు వరసలుగా పేర్చి లేపినది ఒకటి. రెండింటికీ పైన చూరు ముందుకు చాచి ఉండాలి, కింద రాతి పునాది నేల కంటే ఎత్తుగా లేవాలి. చూరు పోతే గోడ నిలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి కొండల మీదికి వచ్చినప్పుడు ఈ పాఠం మళ్ళీ కళ్ళబడింది. మట్టిగోడ గాలికి భయపడదు, కప్పు లేచిపోయాక పడే వానకు భయపడుతుంది.

రాతి పునాది ఎత్తు చెదకు కూడా సంబంధించినదే. చెద రాయిని తొలవదు, రాయి మీదుగా గొట్టం కట్టుకుని ఎక్కుతుంది. అయితే రాయి మీద గొట్టం దాగదు, చూసిన వెంటనే చెరిపేయవచ్చు. భవనాలకు చెద పట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తల మీద ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని మొదటి భాగం మందుల గురించి కాదు, కట్టడంలోనే తీసుకునే జాగ్రత్తల గురించి. రాతి మీద నిట్టాడి నిలబెట్టిన మన పెద్దల పద్ధతి ఆ వరసలోదే. నిట్టాడి అంటే కప్పును మోసే నిలువు స్తంభం. దాన్ని నేరుగా నేలలో పాతితే చెదకు భోజనం వడ్డించినట్టే.

మట్టిగోడ మీద సిమెంటు పూస్తే పక్కా అవుతుందనేది పెద్ద భ్రమ. మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. సిమెంటు అలా కదలదు. రెండూ విడిపోతాయి. నేలలోంచి పైకి పాకిన చెమ్మ బయటికి ఆరే దారి లేక లోపలే ఉండిపోతుంది. సిమెంటు పెచ్చుకూ మట్టికీ మధ్య వచ్చే ఆ చీకటి, ఆ తడి, ఆ సందు చెదకు అచ్చంగా కావలసినవి. మట్టిని మట్టితోనే బాగుచేయాలి.

అలికీయాల. అంటే అలికేయాలి. అలకడం, మెత్తడం, పూయడం ఒకటి కావు. మెత్తడమంటే ముద్ద మట్టిని మందంగా వేయడం. పూయడమంటే సున్నమో రంగో వేయడం. అలకడమంటే పేడ కలిపిన పలచని మట్టినీళ్ళతో చేత్తోనో గుడ్డతోనో ఒక పొర తిప్పడం. పగుళ్ళున్న గోడకు అలుకు ఒక్కటే చాలదు. పగులును మెత్తాక అలకాలి. ఇక్కడ పెద్దావిడ 'అలకడం' అన్న ఒక్క మాటలో రెండూ చెప్పింది.

ఆ కోడలు పనిచేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. మొదట కత్తి మొనతో పగులును ఇంకా వెడల్పు చేసింది. పగుల్ని పెద్దది చేయడమేమిటని అనిపిస్తుంది. వదులు మట్టి రాలిపోతే తప్ప కొత్త మట్టికి పట్టు దొరకదు. తర్వాత చేత్తో నీళ్ళు చిలకరించింది. పొడిగోడ కొత్త మట్టిలోని తడిని ఒక్కసారిగా పీల్చేస్తే అతుకు ఊడుతుంది. ఆ తర్వాత ముద్దను పెట్టి నొక్కలేదు, విసిరి కొట్టింది. విసురుకు మట్టి సందులోకి దిగుతుంది. ఎర్రమట్టి, ఇసుక, తరిగిన గడ్డి, పేడ ఆ ముద్దలో ఉన్నాయి. ఎర్రమట్టిలోని బంక అతుకుతుంది, కానీ ఆరితే కుంచించుకుని పగులుతుంది. ఇసుక ఆ కుంచింపును తగ్గిస్తుంది. గడ్డి, పేడలోని పీచు పగులును పట్టి ఆపుతాయి. ఏది ఎంత పాలు కలపాలన్నది ఊరూరికీ మట్టిని బట్టి మారుతుంది. అరచేతి వెడల్పు బిళ్ళలు రెండు మూడు వేర్వేరు పాళ్ళతో చేసి నీడన ఆరబెట్టి, పగలని పాలును ఎంచుకోవడమే సరైన కొలత.

'ఇల్లు అలకగానే పండగా?' అన్న సామెతను ఇక్కడ అక్షరాలా తీసుకోవచ్చు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, పొద్దెక్కేదాకా మంచు వదలని ఈ అరకు లోయలో అలుకు మైదానంలోలా ఒక పూటలో ఆరదు. చలికాలంలోనూ ముసురులోనూ రోజులు పడుతుంది.

మందోలు. అంటే మందువాళ్ళు. తెలుగులో 'మందు' అంత బరువు మోసే మాట తక్కువ. జబ్బుకు వేసేదీ మందే, పొలంలో చల్లే ఎరువూ మందే, పురుగును చంపేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, సీసాలో తాగేదీ మందే. ఈ వాక్యంలో అది మలేరియా దోమ కోసం ఇంటి గోడలకు కొట్టే మందు. దీనితో చెద పోతుందనుకునేవాళ్ళను చూశాను. పోదు. ఈ మందు గోడ పైపొర మీద ఉంటుంది, చెద గొట్టం లోపలా గోడ లోపలా ఉంటుంది. అలాగే పొలానికి కొట్టే పురుగుమందును ఇంటి గోడకు కొట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

దోమ వల్ల మలేరియా వస్తుందన్న సంగతికి కీలకమైన ఆధారం దొరికింది తెలుగునాట, సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తూర్పు కనుమల్లో ఆ క్రిమిని మోసే ముఖ్యమైన దోమల్లో ఒకటి మురుగులో పుట్టదు. మెల్లగా పారే స్వచ్ఛమైన గెడ్డ నీటిలో పుడుతుంది. 'మా ఊళ్ళో మురుగు లేదు, దోమ ఎక్కడిది?' అన్న ప్రశ్నకు జవాబు అదే.

ఇక మందు పనిచేసే తీరు. దోమలకు పట్టే పొగ వేరు, ఇది వేరు. పొగ ఎగిరే దోమకు తగిలి అప్పటికప్పుడు చంపుతుంది, గాలికి పోతుంది. గోడకు కొట్టే మందు గోడ మీదే ఉంటుంది. రక్తం తాగిన ఆడదోమ బరువెక్కి, అరిగించుకోవడానికి దగ్గరలోని గోడ మీద వాలుతుంది. వాలినప్పుడు కాళ్ళకు మందు అంటుకుని చస్తుంది. అంటే ఈ మందు మనల్ని కుట్టకుండా ఆపేది కాదు. కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టేదాకా బతకకుండా చేసేది. అందుకే ఒక్క ఇల్లు వద్దంటే నష్టం ఆ ఇంటితో ఆగదు.

జనం నోట అది ఇప్పటికీ డీడీటీయే. ఇప్పుడు కొట్టేది చాలావరకు సింథటిక్ పైరిత్రాయిడ్ రకాలు. మందు కొట్టాక నల్లులు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు కొట్టిపారేయదగ్గది కాదు. డీడీటీకి నల్లులు ఎప్పుడో మొండికెక్కాయి. చావని నల్లి మందు సోకి దాగిన చోటు వదిలి బయటికి వస్తుంది. ఫిర్యాదు నిజం, దాన్నుంచి మందే వద్దన్న నిర్ణయానికి రావడం తప్పు. నల్లికి వేరే పని ఉంది: మంచాన్ని ఎండలో పెట్టి, మంచం కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోయడం.

వచ్చీలోగా. అంటే వచ్చే లోపల. ఇక్కడ 'లో' చోటును కాదు, కాలాన్ని చెబుతోంది. మందు గోడ పైపొర మీద ఉంటుందని చెప్పాను. అలుకు కూడా గోడ పైపొరే. ముందు అలికి తర్వాత మందు కొడితే మందు పైన ఉంటుంది, దోమ దాని మీద వాలుతుంది. ముందు మందు కొట్టించుకుని తర్వాత అలికితే, వెంట్రుకవాసి మట్టిపొర చాలు, మందు కింద పడిపోతుంది. దోమ శుభ్రమైన మట్టి మీద హాయిగా కూర్చుంటుంది. గోడ అందంగా ఉంటుంది, జ్వరం వస్తుంది. వాక్యంలో 'లోగా' బదులు 'వచ్చాక' అని ఉంటే ఆ ఇంటికి మందు కొట్టనట్టే లెక్క.

కొట్టిన మందు పది పన్నెండు వారాలు పనిచేస్తుందని లెక్క. మట్టిగోడ మందును పీల్చుకుంటుంది కాబట్టి చెక్క మీద కంటే దీని మీద బలం ముందే తగ్గుతుంది. ఆ మిగిలినదాన్ని కూడా అలుకు కింద పూడ్చుకోకూడదు. అయితే ఆ రెండున్నర మూడు నెలలూ చీపురు పట్టకుండా కూర్చోవాలని కాదు. మందు గోడలకూ కప్పు లోపలి వైపుకూ కొడతారు, నేలకు కొట్టరు. నేలను ఎన్నిసార్లయినా అలుక్కోవచ్చు. పునాది రాళ్ళ మీద చెద గొట్టాలు చెరపవచ్చు. వానకు గోడ ఎక్కడైనా కూలితే కూలినంత మేరే మెత్తాలి, చెయ్యి పక్కకు జారి మొత్తం గోడ మీద తిరగకూడదు.

తడిగోడ మీద మందు కొట్టించడమూ సరికాదు. అందుకే పెద్దావిడ 'లోగా'లో ఆరే రోజులు కూడా కలిసి ఉన్నాయి. తూర్పు గోడ ముందు అలకమంది. అటు ఎండ తగులుతుంది. పడమటి గోడకు ఆ రోజు మెత్తడమే చేయించి, అలుకు మర్నాటికి ఉంచింది.

మందువాళ్ళు పని అయ్యాక తలుపు పక్క గోడ మీద తేదీ రాసిపోతారు. ఆ తర్వాత రెండు నెలలకు మళ్ళీ వెళ్ళినప్పుడు పంచ నేల కొత్తగా అలికి ఉంది, అంచున ఎర్రమట్టి గీత తాజాగా ఉంది. గోడ మాత్రం పాతదే, చూరు కింద తెల్లటి మరకలతో. తలుపు పక్కన ఆ తేదీ అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కోడలు వాటిని చూపించి, ఇంకా ఎన్ని వారాలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది.